పెద్దావు గంట

సయీదా ఆపాను పొద్దున చాయ్ తాగనివ్వకుండా ఉరుకులు పెట్టించిన మనిషి ఆ రోజు సుఖపడినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఆ పొద్దున ఆ పని చేసింది గయాజ్.

అల్ రయ్యాన్‌లో కొత్తగా తెరవబోతున్న మ్యూజియం గేటు దగ్గరే అతను మమ్మల్ని ఆపేశాడు. కేసు తేలిపోయిందనీ, దొంగ తన గదిలోనే కూర్చుని ఉన్నాడనీ, ఆపా ఓ సంతకం గీకేసి తిరిగి వెళ్ళిపోవచ్చనీ చెప్పాడు. ఒక చేతిలో వాకీటాకీ, రెండో చేతిలో సగం కొరికిన చాక్లెట్టు. చాక్లెట్టు కాగితం మీద మంచుకొండ బొమ్మ ఉంది.

"దొంగ దొరికిండు, మంచిదే. గంట దొరికిందా?" అని అడిగింది ఆపా.

గయాజ్ నమలడం ఆపాడు. గంట దొరకలేదు.

మా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సయీదా ఆపాది కోరుట్ల. దోహాకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అల్ ముంతజాలో ఓ టైలర్ షాపు పైన మా ఆఫీసు. ఏదైనా పోయిందనో, కాలిపోయిందనో ఎవరైనా ఇన్సూరెన్స్ కంపెనీకి మొరపెట్టుకుంటే, అది నిజంగా పోయిందా, ఎలా పోయింది, ఎవరి వల్ల పోయింది అని తేల్చడం ఆమె పని. లేబర్ క్యాంపుల్లో మనవాళ్ళు ఆమెను డిటెక్టివ్ అక్క అన్న అర్థంలో జాసూస్ ఆపా అంటారు. నా పేరు స్వర్ణ, అమలాపురం పిల్లని. ఫొటోలు తీయడం, కారు నడపడం, ఆపాకు కోపం వచ్చినప్పుడు కాస్త దూరంగా నిలబడడం నా ఉద్యోగం. గయాజ్‌ది హైదరాబాద్, యాకుత్‌పురా. ఈ మ్యూజియానికి కాపలా పెట్టిన సెక్యూరిటీ కంపెనీకి ఇన్‌ఛార్జి. కిందటేడు అతను దొంగతనమని తేల్చేసిన ఓ నగను ఆపా అదే షాపు ఫాల్స్ సీలింగులోంచి తీసి చూపించింది. అప్పటినుంచీ నోటితో ఆపా అని తియ్యగా పిలుస్తాడు, కళ్ళతో కారం చల్లుతాడు.

ఈ మ్యూజియం సంగతి కూడా చెప్పాలి. గాజు పెట్టెల్లో కత్తులూ కిరీటాలూ పెట్టే రకం కాదిది. ఆస్ట్రియాలో ఆల్ప్స్ కొండల మీద మూడు వందల ఏళ్ళ కిందట కట్టిన ఓ పాడిరైతు ఇంటిని దూలం దూలం విప్పి, ఓడలో తెచ్చి, పెద్ద ఏసీ హాలు లోపల మళ్ళీ నిలబెట్టారు. బయట నలభై నాలుగు డిగ్రీలు మండుతుంటే లోపల నేను శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఇంటిని కొన్నది ఓ ఖతారీ కుటుంబం. ఆ కుటుంబంలోని ఆడపిల్ల నూరాయే మ్యూజియం డైరెక్టరు. మర్నాడు సాయంత్రమే ప్రారంభోత్సవం. అక్కడున్న వస్తువుల్లోకెల్లా ముఖ్యమైనది పెద్దావు గంట. సరిగ్గా అదే పోయింది.

ముందురోజు సాయంత్రం నాలుగు దాటాక పొగ అలారం మోగిందట. అందరూ పార్కింగులోకి పరుగెత్తారు. గయాజ్ మనుషులు లోపలికి వెళ్ళి చూస్తే వంటింటి పొయ్యిగడ్డ మీద చిన్న గ్యాస్ స్టవ్వు, దాని మీద పాలు పొంగి మాడిపోయిన గిన్నె. ఇంకేమీ అంటుకోలేదు. పావుగంటకు అలారం ఆపి అందర్నీ లోపలికి రానిచ్చారు. తీరా చూస్తే పశువులశాల తలుపు పక్క కొక్కేనికి ఉండాల్సిన గంట లేదు. వంటింట్లో మంట పెట్టింది ఎవరని అడిగితే, ఇల్లు నిలబెట్టిన వడ్రంగుల్లో ఒకడు చెయ్యెత్తాడు. పేరు పోశన్న.

గయాజ్ లెక్క తేలికగా ఉంది. జనాన్ని బయటికి తరమడానికే మంట పెట్టాడు, ఆ సందడిలో గంట కాజేశాడు. గేటు దగ్గర కెమెరాలో గంట బయటికి వెళ్ళినట్టు లేదు కాబట్టి ఈ ఆవరణలోనే ఎక్కడో దాచాడు. ఇంటి లోపల కెమెరాలు ఇంకా బిగించలేదు, అదీ వాడికి తెలుసు. మధ్యాహ్నం నమాజు అయ్యాక పోలీసులొస్తారు, వాళ్ళకు అప్పగించేస్తే నాలుగు తన్ని వాళ్ళే కక్కిస్తారు. ఇదీ అతని లెక్క.

"దాంట్ల గంట ఒక్కటే తక్కువున్నది" అని ఆపా లోపలికి నడిచింది.

సెక్యూరిటీ గదిలో పోశన్న కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నీలం డ్యూటీ బట్టలు, వేళ్ళ మీద పాత గాయాల మచ్చలు. అతనితో పనిచేసే ముగ్గురూ బయట గోడకు ఆనుకుని నిలబడి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి తొంగి చూస్తున్నారు.

ఆపా ముందు ఊరు అడిగింది. మెట్‌పల్లి దగ్గర అన్నాడు. తనది కోరుట్లేననీ, మేడం అనొద్దు, ఆపా అంటే చాలనీ చెప్పింది. అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"మంట నేనే పెట్టిన ఆపా. గంట మాత్రం నేను ఎత్తుకపోలే."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే. వాళ్ళు ముగ్గురు ఆడ లేరు." మరీ తొందరగా అన్నాడు.

"పాలెందుకు కాగబెట్టినవ్?"

"చాయ్ కోసం."

చాయ్ పత్తా ఎక్కడుందని అడిగింది. చక్కెర ఏదని అడిగింది. రెండూ తేలేదని అతని ముఖమే చెప్పింది. గిన్నె ఎవరిదని అడిగితే తనదేననీ, మొన్ననే కొన్నాననీ చెప్పాడు. చాయ్ పెట్టుకోవడానికి ఎవరైనా కొత్త గిన్నె కొంటారా అని ఆపా అడిగితే, పోశన్న తన చేతులకేసి చూసుకున్నాడు.

బయటికి వచ్చాక ఆపా నా చెవిలో, ఈయనకు అబద్ధం చెప్పడం రాదు అంది. లోపల మంట పెడితే పెట్టినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపడం ఇక్కడి కంపెనీల రూలు. నలుగురూ కలిసి పెట్టారని తెలిస్తే నలుగురూ పోతారు. అందుకే ఒక్కడే నెత్తినేసుకున్నాడు. కానీ దొంగతనం కూడా అంటగడితే ఇంటికి పంపరు, జైలుకు పంపుతారు. తనకు తెలిసింది చెబితే మిగతా ముగ్గురూ పోతారు, చెప్పకపోతే తనే జైలుకు పోతాడు. ఈయన్ని ఒంటిగంట లోపు విడిపించకపోతే నాకు అన్నం దిగదు అంది ఆపా. ఆపాకు అన్నం దిగకపోవడం అనేది చిన్న విషయం కాదు.

ఇల్లు చూపించడానికి నూరాతో పాటు రూపర్ట్ వచ్చాడు. ఇతను ఆస్ట్రియా నుంచి ఆ ఇంటితో పాటే వచ్చిన నిపుణుడు. పాత కొయ్య సామాను బాగుచేస్తాడు. పొడుగాటి మనిషి, నవ్వు ముఖం. మెడనుంచి మోకాళ్ళ దాకా తెల్లటి మందపాటి ఏప్రన్, దాని జేబు నిండా చాక్లెట్లు. మాకూ తలా ఒకటి ఇచ్చాడు. గయాజ్ చాక్లెట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడారు, మన భాషలో సాగిన మాటలు నేను వాళ్ళకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను.

ఆ ఇల్లు చూస్తే నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. తల తగిలేంత కిందికి ఉన్న కప్పు, అరచేతులంత కిటికీలు, పొగకు నల్లబడిన దూలాలు. ఒక మూల పచ్చటి పెంకులు అతికించిన గది పొయ్యి, దాని చుట్టూ చలికాలంలో ముసలివాళ్ళు ఆనుకుని కూర్చునే బల్ల. పువ్వులు గీసిన ఉయ్యాల. రాట్నం. వెన్న చిలికే పొడుగాటి కొయ్య పీపా. అల్మరాలో వెన్న అచ్చులు వరసగా ఉన్నాయి. వెన్నముద్దను వాటిలో ఒత్తితే పైన పువ్వో, ఆవు బొమ్మో పడుతుంది. ఎవరూ చూడకుండా ఒక అచ్చు తీసి వాసన చూశాను. మూడు వందల ఏళ్ళ వెన్న వాసన వస్తుందనుకుంటే, అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన, పైన పాలిష్ వాసన వచ్చింది. ఆపాతో ఆ మాటే అంటే ఊఁ అని ముందుకు వెళ్ళిపోయింది. ఆపా ఊఁ అందంటే విన్నదో లేదో దేవుడికే తెలియాలి.

పశువులశాల దగ్గర రూపర్ట్ గంట కథ చెప్పాడు. ఎండాకాలమంతా పశువుల్ని కొండ మీద మేపి, చలి మొదలయ్యాక పూలతో అలంకరించి ఊళ్ళోకి దించుతారట. అన్నిటికన్నా ముందు నడిచే ఆవు మెడలో ఈ పెద్ద గంట కడతారు. అరచేతి వెడల్పు తోలు పట్టా, దాని మీద కుట్టు పువ్వులు. ఈ గంటను పోతపోసిన మూసే ఇప్పుడు లేదు, దీని జోడు ప్రపంచంలో లేదు అన్నాడు.

"ఇంటికొచ్చినంక ఎవరు ముందు లోపలికి పోతరు, మనుషులా ఆవులా?" అని ఆపా అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆవే ముందు అన్నాడు రూపర్ట్. ఆపా ఎందుకో నవ్వుకుంది. అప్పుడే అతని ఏప్రన్ మీద పొట్ట దగ్గర ఎర్రటి మరక ఉండడం నేనూ చూశాను. అరచేతి వెడల్పున వంకీ తిరిగి ఉంది. ఆపా చాలా బాధపడుతున్నట్టు ముఖం పెట్టి, దెబ్బ తగిలిందా అని అడిగింది. నిన్న పనిముట్లు సర్దుతుంటే ఉలి కోసుకుందని బొటనవేలి ప్లాస్టర్ చూపించాడు.

వంటింట్లోకి అడుగుపెట్టగానే ఆపా ఆగిపోయింది. నేల అద్దంలా ఉంది. పొయ్యిగడ్డ మెరుస్తోంది. మాడిన పాల మచ్చ కూడా లేదు.

ఎవరు తుడిపించారని అడిగింది. రేపు ప్రారంభోత్సవం, ఇంత మురికి ఉంటే బాగుంటుందా, నేనే దగ్గరుండి కడిగించాను అన్నాడు గయాజ్. ఆపా గొంతు పెంచలేదు. కానీ ఆమె చున్నీ కొంగు భుజం మీద సర్దుకోవడం చూసి నేను అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కి వేశాను.

"దొంగ అడుగులు, చేతులు, జాడలు అన్నీ ఊడ్చి బయట పారేసినవ్. దొంగకు నీయంత సోపతి ఎవడు దొరుకుతడు గయాజ్ భాయ్?"

"ఆపా, దొంగ నా గదిలో కూర్చున్నాడు. జాడలతో పనేంటి?" అన్నాడు గయాజ్. "మీకు ఓడిపోవడం నచ్చదు, అంతే. కూలీ మనిషి అని జాలిపడి ఇన్సూరెన్స్ కంపెనీని ముంచకండి. నేను మీ ఆఫీసుకు ఫోన్ చేసి చెబుతా."

ఆఫీసులో ఫోన్ ఎత్తేది నేనేనని చెప్పాను. నూరా నవ్వు ఆపుకోవడానికి ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆపా అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని పొయ్యిగడ్డ రాళ్ళ సందుల్లో తలపిన్నుతో గీకుతోంది. కాసేపటికి అరచేయి చాపింది. అందులో నాలుగు బియ్యపు గింజలు. తెల్లగా లేవు, పచ్చగా ఉన్నాయి. ఆ తర్వాత గడప దగ్గరికి వెళ్ళి తల వంచి, పైన కాదు, పక్కల చూసింది. గయాజ్ మనుషులు గడప పైభాగం రుద్ది రుద్ది తుడిచారు గానీ పక్కలు వదిలేశారు. అక్కడ ఆ ముదురు చెక్క మీద మూడు వేళ్ళ పసుపు గీతలు ఉన్నాయి.

ఆపా లేచి చేతులు దులుపుకుంది. ముఖం వెలిగిపోతోంది. పోశన్ననూ ఆ ముగ్గురినీ ఇక్కడికే పిలిపించమంది. గయాజ్ అడ్డం చెప్పబోతే నూరాయే మనిషిని పంపింది.

నలుగురూ వచ్చి గడప బయట ఆగిపోయారు. లోపలికి రమ్మని ఆపా అంటే, పోశన్న చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. అది చూసి ముగ్గురూ విప్పారు.

"పోశన్నా, పాలు కొత్త గిన్నెల పొంగిచ్చినవ్, తూర్పు దిక్కుకు. గడపకు పసుపు పెట్టినవ్. అక్షింతలు పోసినవ్. అంత సక్కగ చేసినవ్. కానీ ఆవు లేకుండ కొత్తింట్లకు ఎట్ల పోతరు? దోహాల ఆవు ఏడ దొరికిందే నీకు?"

పోశన్న ఓసారి వెనక ఉన్న ముగ్గురి వైపు చూశాడు. వాళ్ళలో నర్సింగ్ అనే అతను, చెప్పెయ్యి అన్నా, మేం ముగ్గురం గూడ ఉన్నం అన్నాడు.

"ఆవు దొరకలే ఆపా" అన్నాడు పోశన్న. "ఆవు గంట దొరికింది."

తర్వాత అతను ఆగకుండా చెప్పుకుపోయాడు. పన్నెండేళ్ళుగా అతనిది సెంట్రింగ్ వడ్రంగం. చెక్కలు కొట్టి అచ్చు కడితే వాళ్ళు కాంక్రీటు పోస్తారు, అది గట్టిపడగానే చెక్కలన్నీ పీకేస్తారు. ఈ దేశంలో అతను కట్టినంత కొయ్య ఇంకెవరూ కట్టి ఉండరు, ఒక్కటీ మిగల్లేదు.

"ఇది ఒక్కటే ఆపా, పీకేసుడు లేకుండ నిలవడ్డది. మూడు నెలలు కట్టినం. ఎవలిదైతేంది, ఇల్లే గదా. పాలు పొంగియ్యకుండ తాళం చేతికిచ్చి పోవుడు మనసున వట్టలే."

అందుకని నిన్న పని అయిపోయాక, కొక్కేనికున్న గంట తీసి, క్యాంపు వంటింట్లోంచి తెచ్చిన పసుపు తడిపి తోలు పట్టాకు పట్టించి, ఆవును ముందు నడిపించినట్టు గంట మోగించుకుంటూ వీధి తలుపులోంచి లోపలికి తెచ్చారు. కుంకుమ దొరకలేదు, పసుపుతోనే సరిపెట్టుకున్నారు. పొయ్యి పక్కన అక్షింతలు పోసి దాని మీద గంట నిలబెట్టారు. పాలు పొంగాయి. దండం పెట్టుకునేలోపే అలారం మోగింది. గంట అక్కడే వదిలి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి అది లేదు. గంట కొక్కెం నుంచి తీసింది తామేనని చెబితే దొంగతనం కూడా తమదేనంటారని నోరు కుట్టేసుకున్నారు.

ఇదంతా నేను నూరాకు ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి వంగి గడప పక్కనున్న పసుపు గీతలు చూసింది. కొత్త ఇంట్లోకి వెళ్ళేటప్పుడు తన నానమ్మ గది గదికీ ఊదు పొగ పట్టేదనీ, రేపటికి తనూ ఊదు తెప్పించిందనీ, పొగ అలారం సంగతి తనకూ గుర్తు లేదనీ చెప్పింది. మంట విషయం వీళ్ళ కంపెనీతో తనే మాట్లాడతానంది. ఆ మాట తెలుగులో చెప్పగానే ముగ్గురూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పోశన్న మాత్రం వదల్లేదు. గంట ఇంకా దొరకలేదు కదా.

గయాజ్ చప్పట్లు కొట్టాడు. ఇంకేం, గంట తీసింది తామేనని వాళ్ళే ఒప్పుకున్నారు అన్నాడు.

"తీసినోళ్ళు వాళ్ళు. ఎత్తుకపోయినోడు వేరే" అంది ఆపా. దొంగకు ఈ అలారం ముందే తెలిసిందేమీ కాదనీ, మోగగానే దొరికిన సందు వాడుకున్నాడనీ విడమరిచింది. అలారం మోగినప్పుడు గంట కొక్కేనికి లేదు, ఈ పొయ్యి పక్కన ఉంది. అంటే ఎత్తుకుపోయినవాడు అందరూ బయటికి పోతుంటే లోపలికి వచ్చి, ఈ వంటింట్లోనే దాన్ని ఎత్తాడు. ఆ గంట చంకన పెట్టుకుపోయే వస్తువు కాదు, రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని మోయాలి. దాని పట్టా నిండా తడి పసుపు.

అప్పుడు గయాజ్‌ను ఒకటే అడిగింది, పార్కింగులోకి అందరికన్నా ఆఖర్న వచ్చింది ఎవరని. గయాజ్ చెప్పడానికి ఇష్టపడలేదు గానీ చెప్పాడు. రూపర్ట్. కింది వర్క్‌షాపులో మిషను నడుస్తుంటే అలారం వినబడలేదట. రూపర్ట్ నవ్వుతూ అవునన్నాడు, ఆ మిషను మహా గోల అన్నాడు.

ఆపా చెయ్యి చాపి గయాజ్ చేతిరుమాలు అడిగింది. ఇస్త్రీ మడత విప్పని తెల్ల రుమాలు. ఎందుకని అడుగుతూనే ఇచ్చాడు పాపం. నర్సింగ్ పనిముట్ల సంచిలోంచి పసుపు పొట్లం తెచ్చాడు. ఆపా చిటికెడు పసుపు నీళ్ళతో కలిపి రుమాలు మీద రాసి అందరికీ చూపించింది. పచ్చగా ఉంది. తర్వాత చేతులు కడుక్కునే సబ్బు తెప్పించి దాని మీద రుద్దింది.

పసుపు ఎర్రబడింది. రక్తం తుడిచినట్టు ఎర్రగా అయిపోయింది.

పసుపు బట్ట మీద పడితే సబ్బు పెట్టకూడదని మన ఇళ్ళలో ఎవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు. కొండల్లో పుట్టిన మనిషికి ఎవరు చెబుతారు? గదిలో ఉన్న అందరి కళ్ళూ ఒకేసారి రూపర్ట్ ఏప్రన్ మీదికి వెళ్ళాయి. అరచేతి వెడల్పు మరక, వంకీ తిరిగి, సరిగ్గా పొట్ట దగ్గర. నవ్వు అతని ముఖం మీద ఇంకా ఉంది గానీ దానికి పని లేకుండా పోయింది.

ఇది రక్తం, వేలు కోసుకుంది అన్నాడు. చూపించమని నూరా అడిగింది. అతను కదల్లేదు. ఆమె మళ్ళీ అడగలేదు, చెయ్యి చాపి నిలబడింది అంతే. చివరికి ప్లాస్టర్ తీశాడు. వేలు చంటిపిల్లల వేలులా నున్నగా ఉంది.

అందరం కింది వర్క్‌షాపుకు దిగాం. అక్కడ ఓ పెద్ద చెక్కపెట్టె మేకులు కొట్టి సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం విమానంలో ఆస్ట్రియాకు వెళ్ళాల్సిన రూపర్ట్ పనిముట్లట. మూత మీద 'తనిఖీ అయింది' అని సెక్యూరిటీ స్టిక్కరు, దాని మీద ఇంత పొడుగు సంతకం. ఆపా ఆ సంతకాన్ని తీరిగ్గా చదివింది.

"గయాజ్ భాయ్, లోపల చూసినవా?"

గయాజ్ చూడలేదు. పొద్దున రూపర్ట్ కాఫీ పోశాడు, చాక్లెట్ ఇచ్చాడు, పనిముట్లే కదా అన్నాడు. అతను చెబుతుంటే మూతి పక్కన చాక్లెట్ మచ్చ ఇంకా అంటుకునే ఉంది. స్టిక్కరు తనే చింపాడు. మేకులు పోశన్న పీకాడు.

ఎండుగడ్డిలో చుట్టి ఉంది గంట. మోగకుండా నాలుకకు గుడ్డ కట్టారు. తోలు పట్టా సగం పచ్చగా, సబ్బు తగిలిన సగం ఎర్రగా ఉంది. పోశన్న గుడ్డ విప్పి, ఒక్కసారి, చాలా నెమ్మదిగా మోగించాడు. తర్వాత గంటను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఆ ముగ్గురూ అతని వీపు మీద చేతులేశారు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, ఫొటో కూడా వంకరగా వచ్చింది.

గయాజ్ పోశన్న ముందుకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. మాఫ్ కర్‌నా భాయ్ అన్నాడు. అతని మీద నాకున్న కోపంలో పావు వంతు అక్కడే పోయింది.

అంతా అయిపోయిందనుకున్నాను. ఆపా మాత్రం పెట్టె చుట్టూ తిరుగుతోంది.

"స్వర్ణా, వెన్న అచ్చు వాసన చూసి ఏమన్నవ్?"

విన్నదన్నమాట. "అప్పుడే చెక్కినట్టుంది అన్నానండీ."

"ఈయనకు కొయ్య చెక్కుడు వచ్చు. గంట పోత పోసుడు రాదు. అందుకే గంటకు నకలు పెట్టలేక ఉత్తగ ఎత్తుకపోయిండు. మరి నకలు పెట్టగలిగినయి ఏం చేసిండు?"

వర్క్‌షాపు మూల రంపపు పొట్టు కుప్ప ఉంది. నూరా పైకి పరుగెత్తింది. మేం వెళ్ళేసరికి అల్మరా ముందు నిలబడి అచ్చులు ఒక్కొక్కటీ వాసన చూస్తోంది. తర్వాత రాట్నం. తర్వాత ఉయ్యాల. ఉయ్యాల అంచున వేలితో గీకితే పైనున్న నల్లటి పూత లేచి, కింద తెల్లటి కొత్త చెక్క కనబడింది. ఆమె ముఖం పాలిపోయింది. దూలాలూ గోడలూ తప్ప ఆ ఇంట్లో పాతది ఇంకేం మిగిలిందో ఎవరికీ తెలియదు.

"పెట్టె ఇదొక్కటేనా?" అని ఆపా గయాజ్‌ను అడిగింది.

గయాజ్ వాకీటాకీ చేతిలోంచి జారి కింద పడింది. ఇంకొకటి, దీనికి రెండింతలది, తెల్లవారగానే ఎయిర్‌పోర్టు కార్గోకు వెళ్ళిపోయింది. దాని మీదా సంతకం తనదే. విమానం రెండున్నరకు.

గోడ గడియారం ఒంటిగంట దాటింది. రూపర్ట్‌ను నూరా మనుషులు పట్టుకుని కూర్చోబెట్టారు. గేటు దగ్గరికి వచ్చిన పోలీసు కారుకు అప్పగించాల్సిన మనిషి మారిపోయాడు. పెట్టెను ఆపమని నూరా ఎయిర్‌పోర్టుకు ఫోన్ చేస్తోంది, అవతల లైను దొరకడం లేదు. నేను కారు స్టార్ట్ చేశాను. గయాజ్ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రమ్మని పిలిస్తే తప్ప ఎక్కేలా లేడు. సంతకం పెట్టినవాడు దగ్గరుండి గుర్తుపడితేనే పెట్టె ఇస్తారు, ఎక్కు అంది ఆపా. గయాజ్ జేబులోంచి మిగిలిన చాక్లెట్టు తీసి చెత్తడబ్బాలో పడేసి వెనక సీట్లో కూర్చున్నాడు.

పోశన్న గంటను గుండెకు ఆనించుకుని కారు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆపా, గంట గడప దాటి బయటికి పోయింది గదా. మల్ల ఇంట్లకు తేవాలంటే మల్ల పాలు పొంగియ్యాలె."

"పొంగిద్దాం. గంట నువ్వు పట్టుకొని గడప కాడ నిలవడు" అంది ఆపా, సీటు బెల్టు పెట్టుకుంటూ. "మిగిలిన మంద విమానం ఎక్కకముందే మేం తోలుకొస్తం."